కంపోస్టు ఉప్పును తినదు

బీన్స్ మొక్కలకు మూడో ఆకు విచ్చేసరికి అంచులు మాడడం మొదలైంది. ముందు ఆకు కొనలో గోధుమరంగు చుక్క. రెండు రోజులకు ఆ చుక్క అంచు పొడవునా పాకి, నిప్పంటుకుని ఆరిపోయిన కాగితంలా తయారైంది. నీళ్ళు చాలలేదేమో అనుకొని ఇంకో రెండు చెంబులు పోశాను. వారం తిరక్కుండా సగం మొక్కలు వాలిపోయాయి.

నా తోటలో చౌడు పట్టిన మూల అదొక్కటే. ఎండలు ముదిరితే అక్కడ మట్టి మీద తెల్లగా పూత లేస్తుంది. ఆ మూలను దారికి తెస్తానన్న పంతంతో, ఏడాదిపాటు నా చేతులతో మగ్గబెట్టిన కంపోస్టును చదరపు మీటరుకు 20 కిలోల చొప్పున దింపి కలియదున్నాను. కంపోస్టు చాలక వదిలేసిన జానెడు చోట మాత్రం అవే విత్తనాలు పీలగానైనా మొలిచి బతికే ఉన్నాయి. నాకు కోపం వచ్చింది అక్కడే. ఏమీ చేయని చోట బతికినవి, సేవ చేసిన చోట చచ్చాయి.

విద్యుత్ వాహకత కొలిచే మీటరు ఒకటి అరువు తెచ్చుకున్నాను. నీటిలో ఉప్పు ఎంత ఎక్కువ కరిగితే వాహకత అంత ఎక్కువ. ఒక పాలు కంపోస్టుకు ఐదు పాళ్ళు స్వేదనజలం కలిపి, గంటసేపు ఉంచి, వడకట్టి, అందులో మీటరు ముంచాను. వాహకత 4.8 అని చూపించింది (డెసీసైమెన్స్/మీటరు లెక్కలో; ఇకపై వాహకత అంకెలన్నీ అవే). అదే పద్ధతిలో చౌడు మూల మట్టికి వచ్చింది 0.7. మీటరు చెడిందనుకొని కడిగి, తుడిచి, మళ్ళీ ముంచాను. 4.8 కదల్లేదు. మందు సీసాలోనే రోగం ఉంది.

ఉరమరగా లెక్క వేస్తే విషయం ఇంకా స్పష్టమైంది. వాహకత 1 ఉన్న లీటరు నీటిలో సుమారు 0.64 గ్రాముల లవణం కరిగి ఉంటుంది. ఆ లెక్కన నా కంపోస్టు కిలోకు 15 గ్రాములు, 20 కిలోలకు 300 గ్రాములు. పై 15 సెంటీమీటర్ల లోతు మట్టి చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు తూగుతుంది. అందులో అప్పటికే ఉన్న లవణం 450 గ్రాముల దాకా ఉండి ఉంటుంది. అంటే చౌడు తగ్గించడానికి బయల్దేరినవాణ్ణి, ఉన్న ఉప్పుకు ఇంకో మూడింట రెండు వంతులు కలిపి వచ్చాను. ఆ 300 గ్రాములూ సోడియమే కాదు. అందులో పొటాషియం, నైట్రేటు వంటి పోషకాలు కూడా ఉంటాయి. అయితే నీరు పీల్చుకోలేక అల్లాడుతున్న లేత వేరుకు ఆ తేడా తెలియదు. చుట్టూ ఉన్న ద్రావణం ఎంత చిక్కగా ఉంటే నీరు అంత అందకుండా పోతుంది.

"చౌడుకు కంపోస్టే మందు" అన్న మాట వినని తోటమాలి ఉండడు. నేనూ పదిమందికి చెప్పాను. అది అబద్ధమని ఇప్పుడూ అనను. అయితే ఆ మాట వెనక ఒక ఊహ దాగి ఉంది: కంపోస్టు ఉప్పును పీల్చేస్తుందని, సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయని. ఆ ఊహ తప్పు. ఆకూ అలమూ కుళ్ళుతాయి, ఉప్పు కుళ్ళదు. సోడియం, క్లోరిన్ మూలకాలు. వాటిని విరిచి ఇంకొకటి చేయగల సూక్ష్మజీవి లేదు. నేలలో ఉన్న ఉప్పు నీటితో పాటు వేళ్ళకు అందనంత కిందికి దిగాలి, లేదా మురుగు కాలువలోకి పోవాలి. మొక్క శరీరంలో చేరి కోతతో బయటికి పోయేది కొంత ఉంటుంది గానీ, సాధారణ పంటలతో అది లెక్కలోకి రానంత తక్కువ. ఇంతకు మించి దారి లేదు.

కుప్పలోనూ ఇదే కథ. వంద కిలోల చెత్త పేరిస్తే, మగ్గేసరికి ఎండు బరువులో సగం దాకా బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది. ఉప్పు ఎక్కడికీ పోదు. కుప్ప సగమైతే ఉప్పు శాతం రెట్టింపవుతుంది. నా కుప్పలో పశువుల ఎరువు ఎక్కువ, వండిన తిండి మిగులు కూడా పడింది, తడపడానికి వాడింది ఉప్పుబావి నీరు. పైగా వానకు సారం కొట్టుకుపోతుందని రేకు కప్పాను. ఉప్పు బయటికి పోయే దారులన్నీ ఒక్కొక్కటిగా మూసి, చివరికి ఎరువు బాగా మగ్గిందని మురిసిపోయాను.

ఇక్కడ ఒక పాత విషయం తవ్వాలి. చౌడు అంటే ఒకటి కాదు. కరిగే ఉప్పు పేరుకున్న పాల చౌడు వేరు, మట్టి రేణువులకు సోడియం అంటుకున్న కారు చౌడు వేరు. అమెరికాలో రివర్‌సైడ్‌లోని లవణ పరిశోధనశాల 1954లో వెలువరించిన కరదీపికలో గీసిన గీతలే చాలా చోట్ల నేటికీ వాడుకలో ఉన్నాయి. సంతృప్త మట్టి సారంలో, అంటే మట్టిని నీటితో ముద్ద చేసి లాగిన ద్రవంలో, వాహకత 4 దాటితే పాల చౌడు. బంకమట్టి రేణువులను అంటుకున్న మొత్తం ధనాయాన్లలో (ధనావేశమున్న కణాలు) సోడియం వాటా 15 శాతం దాటితే కారు చౌడు; పీహెచ్ సాధారణంగా 8.5 పైన ఉంటుంది. రెండూ కలిసిన నేలలూ ఉన్నాయి. పైన చెప్పిన 0.7 ఐదు పాళ్ళ నీటిలో తీసిన సారానిది గనుక దాన్ని నేరుగా 4తో పోల్చకూడదు. బంకమట్టికైతే ఆరు నుంచి ఎనిమిది రెట్లు చేసి చూసుకోవాలి. నా మూల 5 దగ్గర తేలింది.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. 1967లో ఎమర్సన్ అనే శాస్త్రవేత్త మట్టిపెళ్ళల నీటి నిలకడను వర్గీకరించిన పద్ధతికి ఇది సరళరూపం. బఠాణీ గింజంత ఎండు మట్టిపెళ్ళను గాజు గ్లాసులోని వాన నీటిలోకి మెల్లగా జారవిడవండి. కదపకండి. ముందు బుడగలు వస్తాయి, పెళ్ళ విచ్చి చిన్న ముక్కలవుతుంది. అది చాలా నేలల్లో జరిగేదే, కంగారు పడనక్కరలేదు. చూడవలసింది ఆ తరువాత. రెండు గంటలు పోయాక గ్లాసు వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. ముక్కల చుట్టూ నీరు తేటగా ఉంటే ఒక దారి. పెళ్ళ చుట్టూ పాలు విరజిమ్మినట్టు మబ్బు లేచి, మెల్లగా పాకుతూ, మరునాటికీ తేరుకోకపోతే అక్కడ సోడియం పని చేస్తోందని అర్థం. తమాషా ఏమిటంటే బాగా ఉప్పు ఉన్న పాల చౌడు పెళ్ళ వేస్తే నీరు తేటగానే ఉంటుంది. ఉప్పే బంకమట్టిని గుంపుగా పట్టి ఉంచుతుంది. నా గ్లాసు తేటగా ఉంది. అది పాల చౌడు.

పాల చౌడుకు మందు నీరు. ఇంకేదీ కాదు. 30 సెంటీమీటర్ల లోతు మట్టి గుండా 15 సెంటీమీటర్ల నీరు దిగితే లవణంలో దాదాపు సగం పోతుంది, 30 దిగితే 80 శాతం, 60 దిగితే 90 శాతం అని ఒక మోటు లెక్క ఉంది. చదరపు మీటరుకు 30 సెంటీమీటర్లంటే 300 లీటర్లు. ఆ నీరు పైన నిలిచి ఎండిపోతే లాభం లేదు, దిగాలి. దిగిన నీరు ఎక్కడికో పోవాలి. భూగర్భ జలం మీటరు లోతులోనే ఉంటే, ఇవాళ దించిన ఉప్పు ఎండ కాయగానే దీపంలో వత్తి వెంబడి నూనె ఎక్కినట్టు మట్టి సందుల వెంబడి పైకి ఎక్కుతుంది. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు పైన మిగులుతుంది. ఆ తెల్ల పూత పుట్టేది అలాగే. అందుకే చౌడు అనగానే నేను మొదట అడిగేది కంపోస్టు ఎంత వేశారని కాదు, మురుగు నీరు ఎటు పోతోందని.

కంపోస్టు పని ఇక్కడ మొదలవుతుంది, అది చిన్న పనేమీ కాదు. గట్టిపడిన మట్టిలో అది సందులు చేస్తుంది. దాన్ని తింటూ పెరిగే సూక్ష్మజీవుల జిగురు, శిలీంధ్రాల పోగులు మట్టి రేణువులను గుళికలుగా కడతాయి. గుళికల మధ్య ఖాళీల్లోంచి నీరు దిగుతుంది. పైన పరిస్తే ఎండ తగలక ఆవిరి తగ్గుతుంది, ఉప్పు పైకెక్కడం నెమ్మదిస్తుంది. అంటే కంపోస్టు నీటికి దారి వేస్తుంది. ఆ దారిన నడవడానికి నీరు లేకపోతే, దారి చివర గోడ ఉంటే, కంపోస్టును ఏమని ప్రయోజనం?

కారు చౌడులో కథ ఇంకా మెలిక తిరుగుతుంది. సోడియం అయాను తన చుట్టూ నీటి అణువుల మందపాటి దుప్పటి కప్పుకుని ఉంటుంది, బంకమట్టి పలకలను దగ్గరికి లాగి పట్టుకోలేదు. పలకలు ఒకదాన్నొకటి తోసుకుని విడిపోతాయి, సందుల్లో ఇరుక్కుని దారులన్నీ మూసేస్తాయి. తడిస్తే జిగటబురద, ఎండితే గునపం దిగని గట్టి. కాల్షియంకు రెండు చేతులున్నట్టే. రెండు ధనావేశాలతో పలకలను కలిపి పట్టుకుంటుంది. కాబట్టి ఇక్కడ చేయవలసింది సోడియాన్ని లేపి ఆ చోట కాల్షియాన్ని కూర్చోబెట్టడం, లేచిన సోడియాన్ని నీటితో దించడం.

ఇక్కడ స్వచ్ఛమైన నీరే శత్రువయ్యే సందర్భం ఒకటి ఉంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో క్విర్క్, స్కోఫీల్డ్ అనే శాస్త్రవేత్తలు 1955లో చూపించిన విషయం అది. సోడియం ఎక్కువగా ఉన్న నేల గుండా ఉప్పు నీరు బాగానే దిగుతుంది. ఆ నీటిలో లవణ గాఢత ఒక హద్దు కంటే తగ్గగానే బంకమట్టి విచ్చుకుని నీటి దారి మూసుకుపోతుంది. బోరు నీటితో బాగానే ఇంకిన పొలం, మంచి వాన పడిన మరునాడు చెరువులా నిలిచిపోవడానికి కారణం ఇదే. వాన వచ్చి ఉప్పు కడిగేస్తుందని ఎదురుచూసినవాడికి ఇంతకన్నా వెటకారం ఏముంటుంది!

మరి కాల్షియం కంపోస్టు ఇవ్వలేదా? ఇస్తుంది. ఎంతో చూద్దాం. కిలోకు 20 సెంటీమోల్‌ల (ఆవేశాన్ని లెక్కించే కొలత) ధనాయాన్లను పట్టగల నేల అనుకోండి. 15 సెంటీమీటర్ల లోతున సోడియం వాటాను 30 శాతం నుంచి 10 శాతానికి దించాలంటే చదరపు మీటరుకు దాదాపు 690 గ్రాముల జిప్సం (కాల్షియం ఇచ్చే ఖనిజం, కాల్షియం సల్ఫేటు) కావాలి. హెక్టారుకు 6.9 టన్నులు. కంపోస్టు హెక్టారుకు 10 టన్నులు, అంటే చదరపు మీటరుకు కిలో వేశారనుకుందాం. తేమ పోగా 700 గ్రాములు, అందులో కాల్షియం 2 శాతం ఉంటే 14 గ్రాములు. జిప్సంలోకి మార్చి చెప్పాలంటే 60 గ్రాములు. అదీ మొత్తం కరిగితేనే. కొండకు వెంట్రుక కట్టినట్టుంది లెక్క. అన్నట్టు, జిప్సం లీటరు నీటికి రెండున్నర గ్రాములు మించి కరగదు గనుక ఆ 690 గ్రాములు కరగడానికే మళ్ళీ 280 లీటర్ల దాకా కావాలి. ఎటు తిప్పినా నీటి దగ్గరికే వస్తున్నాం.

అయితే కంపోస్టు చేతిలో ఇంకో విద్య ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడితే అన్యాయం. చాలా కారు చౌడు నేలల్లో సున్నపు గడ్డలు ఉంటాయి. కాల్షియం అక్కడే ఉంది, కరగదు. కంపోస్టును తింటూ సూక్ష్మజీవులు వదిలే బొగ్గుపులుసు వాయువు నీటిలో కలిసి బలహీనమైన ఆమ్లమవుతుంది, సున్నాన్ని కొద్దికొద్దిగా కరిగించి కాల్షియాన్ని బయటికి తెస్తుంది. పచ్చిరొట్టగా దున్నిన జీలుగ చేసే మేలులో ఒక పాలు ఇదే. బతికున్న వేళ్ళు కూడా ఇదే పని చేస్తాయి. గంధకం వేసేవారికీ కంపోస్టు తోడు కావాలి. ఒక కిలో గంధకం పూర్తిగా ఆమ్లంగా మారితే, నేలలో సున్నం ఉన్నప్పుడు, 5.4 కిలోల జిప్సంతో సమానం. దాన్ని ఆమ్లంగా మార్చే సూక్ష్మజీవులకు గాలి, తేమ ఉన్న జీవమున్న నేల కావాలి. సున్నమే లేని నేలలో ఈ విద్య పారదు. కాబట్టి పక్క పొలంలో పనిచేసిన కంపోస్టు మీ పొలంలో పనిచేయకపోతే తప్పు కంపోస్టుది కాకపోవచ్చు.

ఒక కారు చౌడు పొలంలో నిలిచిన నీటి గుంట ఎండిపోతుంటే దగ్గరగా కూర్చుని చూశాను. అంచున టీ డికాక్షన్ ఎండినట్టు నల్లటి పొర మిగిలింది. గోటితో గీకితే లేచి వచ్చింది. పీహెచ్ బాగా ఎక్కువైతే నేలలోని హ్యూమస్సే (కుళ్ళి మగ్గిన నల్లటి సేంద్రియ పదార్థం) కరిగి నీటిలో తేలుతుంది, ఎండాక పైన నల్లగా పేరుకుంటుంది. ఆ నలుపును సారం అనుకున్నవారిని చూశాను. నిజానికి అది నేల చేతిలోంచి జారిపోతున్న సారం. అలాంటి చోట కాల్షియం ఇవ్వకుండా కంపోస్టు మాత్రమే గుప్పిస్తే కొంత ఇలాగే కరిగిపోతుంది. కరిగిన సేంద్రియ ఆమ్లాలు ఉన్న కాస్త కాల్షియాన్నీ పట్టి, బంకమట్టి విచ్చుకోవడాన్ని ఇంకా ఎక్కువ చేసే ప్రమాదమూ ఉంది.

"మరి నేను కంపోస్టు వేశాక చౌడు తగ్గిందే" అని కొందరు అంటారు. నమ్ముతాను. వాళ్ళు కళ్ళారా చూసినదాన్ని కాదనడానికి నేనెవరిని? నా అనుమానం కారణం మీదే. కంపోస్టు వేసినవారు తరచూ మడిని కాస్త ఎత్తు చేస్తారు. ఎత్తు చేస్తే నీరు పక్కకు జారుతుంది. తోట మీద శ్రద్ధ పెరిగి నీళ్ళు ఎక్కువ పోస్తారు. ఆ ఏడాది వానలు బాగా పడతాయి. తెరుచుకున్న సందుల్లోంచి ఉప్పు దిగిపోతుంది, పేరు కంపోస్టుకు వస్తుంది. ఆ పేరులో సగం దానికి న్యాయంగానే చెందుతుంది. సందులు తెరిచింది అదే కదా. మిగతా సగం నీటిది. కారు చౌడు మీద జరిగిన ప్రయోగాల్లోనూ జిప్సం, సేంద్రియ ఎరువు విడివిడిగా కంటే కలిపి వేసినప్పుడు మెరుగైన ఫలితం వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఒకటి సోడియాన్ని లేపుతుంది, ఇంకోటి అది పోయే దారి తెరిచి ఉంచుతుంది.

ఈ వాదనలో నాకు పట్టింపు ఎందుకంటే, 2024లో ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ ఇచ్చిన అంచనా ప్రకారం లవణ ప్రభావానికి గురైన నేల 138 కోట్ల హెక్టార్లు. భూభాగంలో 10.7 శాతం. అంత నేలకు ఒకే మందు రాసిచ్చేవారు నాడి పట్టకుండా చీటీ రాసే వైద్యుల వంటివారు.

కాబట్టి నా పద్ధతి మారింది. కంపోస్టు ఎవరిదైనా, నాదైనా, మీటరు ముంచకుండా చౌడు నేలలో వేయను. ఐదు పాళ్ళ సారంలో 2 దాటితే కుప్పను వాన కింద పెట్టి తడవనిస్తాను. నైట్రేటు, పొటాషియం కొంత పోతాయి, బాధగానే ఉంటుంది. కారే నీటిని పారబోయకుండా ఉప్పును తట్టుకునే పంటల పాదుల్లో పోస్తే ఆ బాధ తగ్గుతుంది. ఆకులు, కొమ్మల తురుము ఎక్కువగా ఉన్న కుప్పల్లో ఉప్పు తక్కువ; పశువుల ఎరువు కుప్పల్లో ఎక్కువ. సగం మగ్గినదాన్ని దగ్గరికి రానివ్వను. దానిలోని అమ్మోనియా మొలకకు ఇంకో దెబ్బ. మోతాదు చదరపు మీటరుకు 20 కిలోల నుంచి రెండుకు దించాను. అన్నిటికన్నా ముఖ్యం వరుస. ఇదివరకు కంపోస్టు కలిపి విత్తనం వేసేవాణ్ణి. ఇప్పుడు కంపోస్టు కలిపి, మడికి గట్టు కట్టి, నీరు దించి, మళ్ళీ కొలిచి, అప్పుడే విత్తనం. కంపోస్టు తెచ్చిన ఉప్పు కూడా ఆ నీటితోనే దిగిపోతుంది.

విత్తనం కూడా నేలను చూసి. మాస్, హాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు 1977లో పంటలవారీగా సమకూర్చిన, సంతృప్త సారం వాహకత హద్దుల్లో బీన్స్‌కు 1, ఉల్లికి 1.2, టమాటాకు 2.5, పత్తికి 7.7, బార్లీకి 8. బీన్స్ హద్దు దాటాక ఒక్కో అంకెకు దిగుబడిలో 19 శాతం పోతుంది. నేను 5 ఉన్న నేలలో బీన్స్ వేసి కంపోస్టును తిట్టాను! ప్రాచీన మెసపొటేమియాలో గోధుమ తగ్గి బార్లీ పెరగడానికి చౌడే కారణమని 1958లో జాకబ్సెన్, ఆడమ్స్ అనే పండితులు వాదించారు. ఆ వాదనను తరువాత కొందరు ఖండించారు గానీ, బార్లీ ఓర్పు మీద మాత్రం ఎవరికీ పేచీ లేదు.

ఇక ఆ మూల సంగతి. కిందటి వానాకాలానికి ముందు దాని పల్లపు వైపు మోకాలి లోతు కాలువ తవ్వాను. అడుగున గులకరాళ్ళు పోశాను. మొదటి పెద్ద వాన తరువాత కాలువలో చేరిన నీటిలో మీటరు ముంచితే 6.1 వచ్చింది. కంపోస్టు మాత్రమే వేసిన రెండేళ్ళలో నాకు దొరకని ఆనందం ఆ అంకెలో దొరికింది. ఉప్పు మొదటిసారి బయటికి పోతూ కనబడింది. నాలుగో వానకు కాలువ నీరు 2.3. మడి మట్టిని ఐదు పాళ్ళ నీటిలో చూస్తే 0.4, అంటే సుమారు 3. ఈసారి అక్కడ బీట్‌రూట్ వేశాను, దాని హద్దు 4. ఆకులు అంచుల దాకా పచ్చగా ఉన్నాయి. బీన్స్ విత్తనాల సీసా ఇంకా అలమరలోనే ఉంది.